పాఠం 14: లూట్ వాద్యాన్ని వినడం

14.1 ఉపోద్ఘాతం

గత పాఠంలో మీరు వీణ తీగల అమరికను గురించి చదివారు. ఈ పాఠంలో దానికి దూరపు చుట్టమైన ఒక యూరప్ వాద్యాన్ని పరిచయం చేసుకుంటారు. ఈ పాఠానికి చదవడం ఒక్కటే సరిపోదు, వినాలి కూడా. కాబట్టి జాన్ డౌలండ్ రచించిన ‘లాక్రిమే పవాన్’ రికార్డింగును ఫోనులో సిద్ధంగా ఉంచుకోండి. జూలియన్ బ్రీమ్, పాల్ ఓడెట్, నైజెల్ నార్త్ వాయించినవి ఉన్నాయి. వీటిలో ఏదైనా ఫరవాలేదు.

ఈ పుస్తకాన్ని సూరత్‌లో చదువుతున్న అభ్యాసకులకు ఒక ప్రత్యేక సూచన. మీలో చాలామంది కుటుంబాలు తెలంగాణ నుంచి వచ్చి లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో మరమగ్గాల పనిలో స్థిరపడినవి. సాంచాల షెడ్డులో చప్పుడు 90 డెసిబెళ్లు దాటడం మామూలు. లూట్ చాలా మెత్తగా పలికే వాద్యం. పని దిగి వచ్చిన వెంటనే విన్నారంటే ఏమీ వినిపించనట్లు ఉంటుంది. అప్పుడు ఫోను శబ్దం పెంచకండి. చెవికి కొన్ని గంటల విశ్రాంతినిచ్చి, తెల్లవారుజామున గాని, మగ్గాలు ఆగిన రోజున గాని వినండి. విశ్రాంతి తీసుకున్న తర్వాత కూడా మెత్తటి ధ్వనులు అందకపోయినా, చెవిలో హోరు తగ్గకపోయినా వైద్యునికి చూపించుకోవాలి. ఇది సంగీత పాఠమే అయినా ఈ మాట చెప్పకుండా ముందుకు పోవడం సరికాదు.

14.2 వాద్య స్వరూపం

లూట్‌కు కోసిన బేరిపండు ఆకారంలో బుర్ర ఉంటుంది. పలుచని చెక్కబద్దలను పక్కపక్కన అతికించి దానిని చేస్తారు. అరబ్బుల ‘ఊద్’ నుంచి వాద్యమూ వచ్చింది, పేరూ వచ్చింది. 16వ శతాబ్దంలో సాధారణంగా ఆరు వరుసల తీగలుండేవి. పై వరుసలో ఒకే తీగ, మిగిలిన వాటిలో జంట తీగలు. తీగలు లోహానివి కావు, జంతువుల పేగులతో పేనినవి. మెట్లు కూడా పేగు దారాలే. వీణ మెట్లను మైనంలో స్థిరంగా నిలుపుతాం కదా. లూట్ మెట్లను మెడ చుట్టూ ముడివేసి కడతారు, అవసరమైతే కొంచెం జరుపుకోవచ్చు.

వీణపై తీగను లాగి గమకం పలికిస్తాం. లూట్ వాదకుని నేర్పు మరొకచోట ఉంది. అతడు ఒకే చేతివేళ్లతో రెండు మూడు పాటలను ఒకేసారి నడుపుతాడు. పడుగు పోగులను గుర్తు తెచ్చుకోండి. ప్రతి పోగూ విడిగా నడుస్తూనే ఉంటుంది, బట్ట మాత్రం ఒకటే. మన శ్రోతకు మొదట ఇదే కష్టం. ఒకే రాగధారను వెంబడించడం అలవాటైన చెవి పై స్వరాన్ని పట్టుకొని, కింది వాటిని తాళతీగల వంటి తోడు ధ్వని అనుకొని వదిలేస్తుంది. అవి తోడు కావు.

14.3 వినండి

ఇప్పుడు రికార్డింగు పెట్టండి. మొదటి నాలుగు స్వరాలు మెట్టుమెట్టుగా కిందికి దిగుతాయి. మన లెక్కలో వాటిని స ని ద ప అని పాడుకోవచ్చు. నటభైరవి అవరోహణలో వచ్చే నిషాద, ధైవతాలే ఇవి. అంతమాత్రాన ఇది ఆ రాగమని రాయకండి. పరీక్షల్లో చాలామంది అలా రాస్తారు. లాక్రిమే అంటే లాటిన్‌లో కన్నీళ్లు. పవాన్ నెమ్మదిగా సాగే నాట్యం. రచన మూడు భాగాలు. ప్రతి భాగమూ రెండోసారి వచ్చినప్పుడు చిన్న చిన్న స్వరాలతో అల్లుకొని వస్తుంది.

మొదటిసారి పై స్వరాన్ని మాత్రమే వినండి. రెండోసారి బొటనవేలు పలికించే మంద్ర స్వరాన్ని మాత్రమే వినండి. మూడోసారి మీ చెవి దానంతట అదే మధ్య పోగును వెతుకుతుంది.

పాఠ్యగత ప్రశ్న: మంద్ర స్వరం ఒకేచోట నిలిచి ఉన్నదా, నడుస్తున్నదా?

14.4 మనం వింటున్నది ఎవరిని?

డౌలండ్ 1626లో మరణించాడు. 18వ శతాబ్దం గడిచేసరికి యూరప్‌లో లూట్ వాయించేవారు దాదాపు లేకుండా పోయారు. శిష్యపరంపర తెగిపోయింది. మిగిలింది కాగితమే. ఏ తీగపై ఏ మెట్టును నొక్కాలో చెప్పే రాతపద్ధతి వారికి ఉండేది. 1507లో వెనిస్‌లో పెత్రుచ్చి అచ్చువేసిన స్పినచినో లూట్ పుస్తకాలు ఈ పద్ధతిలోనివే. ఆ రాతలు చూసి, పాత వాద్యాలను కొలిచి, 20వ శతాబ్దంలో మళ్లీ వాయించడం నేర్చుకున్నారు. ఎంత మెత్తగా మీటాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఆ రాత చెప్పదు. అందువల్లనే ఒకే పవాన్ బ్రీమ్ చేతిలో ఒకలాగా, ఓడెట్ చేతిలో మరొకలాగా ఉంటుంది.

మన సంగతి దీనికి తలకిందులు. 1550లో విజయనగరంలో రామామాత్యుడు ‘స్వరమేళకళానిధి’ రచించాడు. వీణ తీగల శ్రుతినీ, మెట్ల స్థానాలనూ అందులో వివరించాడు. కాని ఆనాటి వైణికుడు ఒక సాయంత్రం వాయించిన సంగీతమంతా ఎవరూ స్వరం వెంట స్వరంగా రాసిపెట్టలేదు. మనకు పరంపర నిలిచింది, కాగితం లేదు. వారికి కాగితం నిలిచింది, పరంపర లేదు. ఏది ఎక్కువ నష్టమో మీరే ఆలోచించండి. వింటున్నప్పుడు నాకు మాత్రం ఈ ప్రశ్న ఎప్పుడూ తెగలేదు.

మీ ఊరికి సంబంధించిన ఒక విషయం కూడా ఇక్కడ చెప్పాలి. డౌలండ్ జీవించి ఉన్న కాలంలోనే, 1613లో, ఇంగ్లీషు వర్తకుల తరఫున పాల్ కానింగ్ సూరత్ నుంచి ఆగ్రాకు జహంగీర్ దర్బారుకు వెళ్లాడు. వెంట ఇద్దరు వాద్యకారులున్నారు. ఒకరిది వర్జినల్ అనే మీటల వాద్యం, మరొకరిది కార్నెట్ అనే వంపు తిరిగిన ఊదుడు కొయ్య. చక్రవర్తికి మెత్తని వర్జినల్ రుచించలేదు, కార్నెట్ నచ్చింది. పెద్ద దర్బారులో మెత్తని తీగకు చోటు దొరకడం ఎక్కడైనా కష్టమే.

14.5 అభ్యాసం

ఇద్దరు వేర్వేరు వాదకుల ‘లాక్రిమే పవాన్’ మొదటి భాగాన్ని వినండి. ఎవరు స్వరాల మధ్య ఎక్కువ విరామమిచ్చారు? ఎవరి వాదనలో మంద్ర స్వరం మీకు స్పష్టంగా అందింది? ఏ సమయంలో, ఏ చోట కూర్చుని విన్నారో తప్పక పేర్కొంటూ అరపేజీకి మించకుండా రాయండి. తర్వాత అదే భాగాన్ని వీణ తెలిసినవారికి వినిపించి, వారు మొదట ఏ స్వరాన్ని పట్టుకున్నారో అడిగి, ఆ జవాబును కింద చేర్చండి.