పదును అంటే ఒట్టి తడి కాదు

తొలకరి దగ్గర పడుతోంది కాబట్టి ఈసారి కషాయాల గురించి కాకుండా ఒక్క మాట గురించి రాస్తున్నాను. ఆ మాట 'పదును'. కొన్ని ఊళ్ళలో 'పదను' అంటారు. రోజూ నోట్లో ఆడే మాటే. దాన్ని సరిగ్గా అర్థం చేసుకోక నేను మూడు కిలోల నాటు కంది విత్తనం పోగొట్టుకున్నాను.

మాది పాలమూరు వైపు. కొంత నల్లరేగడి, కొంత ఎర్ర చల్క. పట్నంలో ఉద్యోగం మానేసి వచ్చి సేద్యం మొదలుపెట్టిన తొలి ఏడాది. మా అమ్మ బూడిద కలిపి కుండలో దాచిన కంది విత్తనం నాలుగు కిలోలు ఉండేది. ఆ రకం మా చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా మిగల్లేదు. జూన్ మొదట్లో ఒక సాయంత్రం వాన పడింది. పొద్దున్నే చేను నల్లగా తడిసి వాసన కొడుతోంది. నాకు ఆగబుద్ధి కాలేదు.

మా పెద్దనాయన గట్టు మీద నిలబడి, "తడిసింది గానీ పదును గాలేదురా, ఆగు" అన్నాడు. తడిసిందంటే పదునైనట్టే కదా అనుకున్నాను. మూడు కిలోలకు బీజామృతం పట్టించి, నీడలో ఆరబెట్టి, గొర్రుతో వేయించాను. నాలుగో రోజు తవ్వి చూస్తే విత్తనం ఉబ్బి, తెల్లటి వేరు బయటికి వచ్చి, అక్కడే ఎండిపోయి ఉంది. పైన రెండంగుళాలే తడిసింది. కింద మట్టి వేడిగా, పొడిగా ఉంది. వేరు కిందికి పోదామంటే నీళ్ళు లేవు. పైనున్న తడిని నాలుగు రోజుల గాలి తాగేసింది. బీజామృతం తెగుళ్ళ నుంచి కాపాడుతుంది గానీ, లేని పదునును అది తేలేదు కదా!

ఆ తర్వాత ఈ మాట ఎవరి నోట విన్నా చెవి పెట్టి వినడం మొదలుపెట్టాను.

కమ్మరి కొలిమి దగ్గర

గొడ్డలి మొద్దుబారిందని కమ్మరి దగ్గరికి తీసుకుపోయి "పదును పెట్టు" అన్నాను. "సాన పెట్టాల్నా, పదును పెట్టాల్నా?" అని అడిగాడు. రెండూ ఒకటే అనుకునేవాణ్ణి. సాన అంటే అంచును అరగదీయడం. పదును అంటే ఇనుము గుణాన్నే మార్చడం. ఉక్కును ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది గానీ పెళుసు అవుతుంది. ఒక్క దెబ్బకు అంచు విరుగుతుంది. అందుకే దాన్ని మళ్ళీ మెల్లగా వేడెక్కనిస్తారు. 200 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ మధ్యలో దాని మీద రంగులు పాకుతాయి: ముందు లేత పసుపు, తర్వాత గోధుమ రంగు, ఊదా, చివరికి నీలం. పనిముట్టుకు తగ్గ రంగు అంచుకు రాగానే ఆపాలి. ముందే ఆపితే పెళుసు, ఆలస్యమైతే మెత్తన. డమాస్కస్ కత్తులకు పేరు తెచ్చిన ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు నిజామాబాద్ జిల్లా కోనసముద్రం దాకా వచ్చేవారంటే, మన దగ్గర ఈ విద్య ఎంత ముదిరిందో చూడండి.

తోళ్ళ దగ్గర

తోళ్ళను పదును చేయడం అని కూడా అంటాం. పచ్చితోలు అలాగే వదిలేస్తే కుళ్ళుతుంది, ఎండబెడితే చెక్కలా బిగుస్తుంది. తంగేడు చెక్క, కరక్కాయ లాంటి వాటి వగరు నీళ్ళలో నానబెడితే కుళ్ళదు, బిగుసుకోదు, వంగుతుంది. ఆ తంగేడు మండలనే మనం పచ్చిరొట్టగా చేలో తొక్కుతాం.

వంటింట్లో

అరిసెల బెల్లం పాకం పట్టేటప్పుడు మా అమ్మ గిన్నెలో నీళ్ళు పెట్టుకుని చుక్క వేసి చూస్తుంది. "పదునుకొచ్చింది, పిండి పొయ్యి" అంటుంది. ఒక నిమిషం ముందైతే అరిసె నూనెలో విడిపోతుంది, ఒక నిమిషం ఆలస్యమైతే రాయి అవుతుంది.

'పదునైన మాట', 'బుద్ధికి పదును' అనేవి మీకు తెలిసినవే. ఇన్ని చోట్లా ఒకటే కనిపిస్తోంది. పదును అంటే ఒక వస్తువు తన పనికి సరిగ్గా సిద్ధమైన స్థితి. అది రెండు తప్పుల మధ్య ఉంటుంది. పొయ్యి దగ్గరైనా చేలోనైనా ఎక్కువసేపు నిలవదు కూడా. అందుకే పెద్దలు 'అదును, పదును' అని జతగా అన్నారు. అదును కాలానిది, పదును మట్టిది. నేను అదును చూశాను, పదును చూడలేదు.

చేలో పదును అంటే ఏమిటి

పెద్ద వాన పడ్డాక మట్టిలోని సందులన్నీ నీళ్ళతో నిండిపోతాయి. అప్పుడు వేరుకు గాలి అందదు. తర్వాత పెద్ద సందుల్లోని నీళ్ళు కిందికి దిగి అక్కడికి గాలి వస్తుంది. చిన్న సందుల్లో తడి మిగులుతుంది. చల్కలో దీనికి సుమారు ఒక రోజు, రేగడిలో రెండు మూడు రోజులు పడుతుంది. గాలి, తడి రెండూ కలిసి ఉన్న ఆ స్థితే పదును. సుభాష్ పాలేకర్ గారు బీజామృతం, జీవామృతం, ఆచ్ఛాదనలతో పాటు చెప్పే 'వాపస' ఇదే. మాట కొత్తగా అనిపించవచ్చు గానీ విషయం మన పెద్దలకు తెలిసిందే.

ఎకరం మీద 1 మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,000 లీటర్ల నీళ్ళు. వినడానికి చాలా ఎక్కువ. కానీ రేగడిలో ఒక్కో అంగుళం మట్టి చాలా నీళ్ళు పట్టుకుంటుంది కాబట్టి అదే వాన చల్కలో దిగినంత లోతు రేగడిలో దిగదు. చల్కలో పదునైన వాన రేగడిలో పదును కాకపోవచ్చు. పక్క చేనువాళ్ళు విత్తారని మనం విత్తకూడదు అనేది ఇందుకే.

చూసే పద్ధతి

వీడియోలో చూపించినట్టు ఇలా చేయండి:

1. చేలో నాలుగైదు చోట్ల జానెడు లోతు తవ్వండి. పైన చూసి మోసపోవద్దు. పై తడికీ కింది తడికీ మధ్య పొడి పొర ఉంటే ఆగండి.
2. ఆ లోతు నుంచి పిడికెడు మట్టి తీసి ముద్ద కట్టండి. ముద్ద కట్టకపోతే తడి చాలలేదు. చల్కలో ఇసుక ఎక్కువైతే ముద్ద వదులుగానే ఉంటుంది, అది మామూలే.
3. ముద్దను నడుము ఎత్తు నుంచి వదలండి. పొలపొలా విరిగితే పదును. చప్పటి రొట్టెలా అతుక్కుంటే ఇంకా ఆరాలి.
4. వేళ్ళకు జిగటగా అంటుకుంటుంటే నాగలి, ట్రాక్టర్ దించకండి. పచ్చి మీద దున్నిన రేగడి పెళ్ళలుగా లేస్తుంది, కింద గట్టి పొర పడుతుంది.

పదును నిలుపుకోవడం

మనం చేలో పదునును కొన్ని రోజులు ఎక్కువ నిలపగలం. ఆకు, కట్టె, కంకి పొట్టు ఏది దొరికితే అది ఆచ్ఛాదనగా కప్పండి. కప్పడానికి లేకపోతే పదును మీద పైపైన గుంటక తోలితే, వదులైన మట్టి పొర కింది తడిని పైకి రానివ్వదు. ఘనజీవామృతం, పచ్చిరొట్ట వేస్తూ పోతే ఏటేటా మట్టి పట్టుకునే తడి పెరుగుతుంది. ఎకరానికి పోసే 200 లీటర్ల జీవామృతం కూడా పదును ఉన్నప్పుడే పోయండి, ఎండిన మట్టిలో సూక్ష్మజీవులు నిలవవు.

వానకు ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు వేసేవాళ్ళు విత్తనానికి బంకమట్టి, ఘనజీవామృతం పూత పట్టించి గుళికలు చేసుకోండి. నాలుగు చినుకులకే మొలిచి ఎండిపోయే ప్రమాదం తగ్గుతుంది.

ఆ ఏడాది రెండో పెద్ద వాన తర్వాత మూడు రోజులు ఆగి, పెద్దనాయన చేతికే మట్టి ఇచ్చాను. ముద్ద చేసి వదిలాడు, విరిగింది. "ఇగ పెట్టుకో" అన్నాడు. మిగిలిన కిలోలో ముప్పావు కిలో జొన్నలో సాళ్ళుగా వేశాం, పావుకిలో కుండలోనే ఉంచాం. కంది నిలబడింది, విత్తనం మళ్ళీ ఇంటికి వచ్చింది. ఇప్పటికీ ఏ ఏడాదీ కుండ పూర్తిగా ఖాళీ చేయను.

మీ వైపు పదును చూడటానికి పెద్దలు ఇంకేం చేసేవారో అడిగి తెలుసుకుని రాయండి. వచ్చే వీడియోలో అవి కూడా చేసి చూద్దాం.