మూత్రపిండాలు జల్లెడ మాత్రమే కాదు



139వ కీర్తనలో "అంతరింద్రియములు" అని మనం చదువుకునే చోట హెబ్రీ మూలంలో ఉన్నది మూత్రపిండాలు అనే మాట. ఈ నెల వాటి గురించి కొంచెం నేర్చుకుందాం.

కిడ్నీ రక్తాన్ని వడకట్టే జల్లెడ అని చాలామంది చెబుతారు. అది సగమే నిజం. కిడ్నీకి చేరిన రక్తపు ద్రవంలో సుమారు ఐదో వంతే జల్లెడలోంచి దిగుతుంది. పైగా రక్తంలోని ప్రోటీన్లను అంటుకుని ఉన్న మందులు ఆ రంధ్రాలలో దూరవు. మిగిలిన రక్తం సన్నని గొట్టాల పక్కగా సాగిపోతుంది. ఆ గొట్టాల గోడల్లోని కణాలు రక్తంలోని మందులను, వ్యర్థాలను పట్టి లోపలికి లాక్కుని, రెండో వైపున మూత్రంలోకి నెట్టేస్తాయి. ఇందుకు ఆ కణాల పొరలో ప్రోటీన్లతో చేసిన ద్వారాలున్నాయి. ఆమ్ల గుణం గలవాటికి కొన్ని, క్షార గుణం గలవాటికి వేరే కొన్ని.

పెన్సిలిన్ ఎక్కువగా ఈ దారినే పోతుంది. కిడ్నీలు బాగా పనిచేసేవారి రక్తంలో అది దాదాపు అరగంటకే సగమైపోతుంది. 1941లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో ఒక పోలీసుకు ఈ మందు ఇచ్చారు. ఉన్న మందు చాలక ఆయన మూత్రం నుండే దాన్ని తిరిగి తీసి ఎక్కించారు. గుణం కనిపించింది గాని, మందు అయిపోయి ఆయన మరణించాడు. ఆ తర్వాత వచ్చిన ప్రొబెనిసిడ్ అనే మందు ఆ ద్వారాలకు అడ్డుపడి పెన్సిలిన్‌ను రక్తంలో ఎక్కువసేపు నిలుపుతుంది. రాత్రి రెండు గంటలకు సూదికి లేపామని మా సిస్టర్ల మీద విసుక్కునేవారు ఈ అరగంట లెక్క గుర్తుంచుకోవాలి. (నిద్ర మాకూ వస్తుంది!)

ఇక అసలు సంగతి. ద్వారాలు కొన్నే, మందులు అనేకం. కీళ్ళవాతానికి వారానికి ఒక్కసారి వేసుకునే మెథోట్రెక్సేట్ కూడా ఇటే బయటికి పోవాలి. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు అదే ద్వారం దగ్గర పోటీకి వస్తాయి, కిడ్నీకి వెళ్ళే రక్తాన్నీ తగ్గిస్తాయి. డాక్టరుగారు రెండూ కలిపి రాస్తే రక్తపరీక్షలు చూసుకుంటూ ఇస్తారు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రకు ఆ కాపలా లేదు. కిడ్నీ బలహీనంగా ఉన్నవారిలో మెథోట్రెక్సేట్ రక్తంలో పేరుకుపోయి నోటిపూత, జ్వరం వస్తాయి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి కూడా రావచ్చు. కోట్రైమాక్సజోల్ అనే సల్ఫా మాత్ర అయితే మెథోట్రెక్సేట్ వాడేవారు ముట్టుకోనే కూడదు.

ఓపీకి వచ్చేటప్పుడు ఇంట్లోని మాత్రల అట్టలన్నీ, ఆకుమందులతో సహా, ఒక సంచిలో వేసి తెండి. షాపులో కొన్నవి ఉన్నా మేము కోప్పడము. మెథోట్రెక్సేట్ వాడుతూ నోటిపూత గాని జ్వరం గాని వచ్చినవారు తర్వాతి మాత్ర వేసుకోకుండా ఆ రోజే రండి.