బ్యాంకు కాగితము – మన యింటి చదువు

గత సంవత్సరము ఒకనాటి ఉదయము ఏడవ తరగతి బాలిక యొకతె తన తల్లిని వెంటబెట్టుకొని మా గదికి వచ్చెను. తల్లి చేతిలో బ్యాంకు ఫారమొకటి యుండెను. ఆమె భర్త మరణించి అప్పటికి నాలుగు నెలలు. దినదినము తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరు పోయి పనిచేసి ఆయన కూడబెట్టిన సొమ్ము బ్యాంకులో నున్నది; కాని ఖాతాలో నామినీ పేరు లేదు. ఫారము ఇంగ్లీషులోను కన్నడములోను ఉన్నది. తల్లికి తెలుగు తప్ప చదువ రాదు. బాలిక కూడబలుకుకొని చదివినను భావము తెలియలేదు. మేము చదివి చెప్పితిమి. పత్రములన్నియు సమకూడి సొమ్ము చేతికి వచ్చుటకు మరి యైదు నెలలు పట్టెను. అంతవరకు ఆ యిల్లు చేబదుళ్లతోనే గడచెను.

ఆ తండ్రియు మా పాఠశాలలోనే చదివెను. వడ్డీలెక్కలు ఆయనకు మేమే నేర్పితిమి. నామినీ యను మాట మాత్రము మే మెన్నడును చెప్పలేదు. ఆ లోపమును కొంతైన తీర్చుకొనుటకే ఈ పాఠము.

బ్యాంకు మనకు క్రొత్తది కాదు. 1913లో మైసూరు బ్యాంకు స్థాపనకు కారకులైన దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు నాటి కోలారు జిల్లాలోని ముద్దేనహళ్లిలో జన్మించినవారు; వారి పూర్వులు తెలుగు సీమవారు. 1923లో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్టణమున ఆంధ్రా బ్యాంకును నెలకొల్పిరి. మొదటిది 2017లో స్టేట్ బ్యాంకులోను, రెండవది 2020లో యూనియన్ బ్యాంకులోను కలసిపోయినవి. పేర్లు మారినను బ్యాంకుల నన్నింటిని కట్టివేయు చట్టము ఒకటి కలదు. అది 1949 నాటి బ్యాంకుల నియంత్రణ చట్టము. దాని నమలుపరచునది రిజర్వు బ్యాంకు.

మొదటి విషయము, సొమ్ము భద్రత. 1960లో కేరళలోని పాలై సెంట్రల్ బ్యాంకు కూలగా డిపాజిటుదారులు మిక్కిలి నష్టపడిరి. తరువాత 1962 జనవరి 1 నుండి డిపాజిట్లకు బీమా యేర్పడెను. నాడు హామీ 1,500 రూపాయలు. 2020 ఫిబ్రవరి 4 నుండి 5 లక్షలు. ఒకే బ్యాంకులో ఒకరి పేర ఎన్ని శాఖలలో ఎంత యున్నను, అసలు వడ్డీ కలిపి హామీ ఇంతియే. సహకార బ్యాంకులకు ఇది వర్తించును. చీటీలకును, ప్రైవేటు ఫైనాన్సు కంపెనీల డిపాజిట్లకును వర్తింపదు. బ్యాంకు గుమాస్తా చేతినుండి కొన్నదే యైనను, మ్యూచువల్ ఫండు డిపాజిటు కానేరదు.

రెండవది నామినీ. ఖాతాదారు మరణించినచో బ్యాంకు సొమ్మును ఎవరి చేతికి ఈయవలెనో తెలుపునది ఆ పేరు. 2025 నవంబరు 1 నుండి ఒక ఖాతాకు నలుగురి వరకు నామినీలను వ్రాయవచ్చును. ఒక భేదము గుర్తింపవలెను: నామినీ సొమ్మును అందుకొనువాడే కాని, అంతమాత్రమున యజమాని కాడు, వారసుల హక్కు నిలిచియుండును. సుప్రీంకోర్టు 2010లో ఈ మాటనే స్పష్టపరచెను.

మూడవది అప్పు. ఒక లెక్క చూతము. 12,000 రూపాయలు ఏడాదికి తీసికొంటిమి. “నూటికి రూపాయి వడ్డీయే” యనిరి. వడ్డీ 1,440, నెలకు 1,120 చొప్పున పండ్రెండు వాయిదాలు. కాని నెలనెలకు అసలు వేయి రూపాయలు తగ్గుచున్నది గదా! మన చేతిలో ఏడాది పొడుగున సగటున నున్నది 6,500 మాత్రమే. 6,500కు 1,440 వడ్డీ యనగా నూటికి సుమారు 22. నూటికి పండ్రెండని విన్నది ఇరువదిరెండైనది.

ఈ మాయను తొలగించుటకే రిజర్వు బ్యాంకు, 2024 అక్టోబరు 1 నుండి క్రొత్త చిల్లర అప్పులకు ముఖ్యాంశముల పత్రమును తప్పనిసరి చేసెను. వడ్డీతోబాటు ఖర్చులన్నియు కలిపిన వార్షిక రేటు అందులో నుండవలెను. అందు లేని రుసుమును మన స్పష్టమైన అనుమతి లేక వసూలు చేయరాదు. అన్నింటికంటె ముఖ్యము: ఆ పత్రము అప్పు తీసికొనువారికి అర్థమగు భాషలో నుండవలెను, దానిని వివరించి చెప్పవలెను. తెలుగులో నడుగుట మనకు నామోషీ కాదు, హక్కు.

నాలుగవది ఫిర్యాదు. ముందుగా బ్యాంకునకే వ్రాసి, అందినట్లు రసీదు పొందవలెను. ముప్పది దినములలో జవాబు రాకున్నను, వచ్చిన జవాబు తృప్తికరము గాకున్నను రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును. దీనికి రుసుము లేదు, వకీలు అక్కరలేదు. 2021లో ఈ పద్ధతి నేర్పరచినప్పుడు, ఫిర్యాదులు ఏ భాషలో నున్నను స్వీకరించుటకు చండీగఢ్‌లో ఒక కేంద్రమును పెట్టిరి. ఖాతానుండి సొమ్ము మోసముగా పోయినచో మాత్రము క్షణమైన ఆగక బ్యాంకునకు తెలిపి, 1930 నంబరునకు ఫోను చేయవలెను.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన పిమ్మట మన కోలారు బంగారు గనుల ప్రాంతమున నెలజీతపు ధైర్యము తగ్గినది. రాబర్ట్‌సన్‌పేటలోగాని అండర్సన్‌పేటలోగాని, చేతనున్న కొద్దిపాటి సొమ్మే పిల్లల చదువు. అది చదువని కాగితముపై పెట్టిన సంతకముతో పోరాదు.

కావున తల్లిదండ్రులకు మా మనవి. ఈ వారము మీ పాస్‌బుక్కును తీసి, నామినీ పేరున్నదో లేదో చూడుడు. లేనిచో బ్యాంకునకు పోయి వ్రాయించుడు. పదేండ్లు నిండిన పిల్లలు స్వయముగా పొదుపు ఖాతా నడుపుకొనుటకు 2025లో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అనుమతి నిచ్చినది, వీలైనచో తెరిపింపుడు. ఏ ఫారమైనను బోధపడకున్న, సంతకమునకు ముందు మా పాఠశాలకు తీసికొనిరండు. ఉపాధ్యాయులము చదివి చెప్పుదుము.

మొన్న ఆ తల్లి మరల వచ్చెను. క్రొత్త ఖాతా ఫారమును బాలికయే నింపినది. నామినీ గడిలో తన పేరు తానే వ్రాసి, తప్పున్నదేమో చూడుమని మాకు చూపెను. తప్పు లేదు.