కాయకము, కాయము: ఆసు యంత్రము చెప్పు పాఠము

శరణుల మార్గమున కాయకమునకు గల స్థానము పాఠకులకు క్రొత్తగా చెప్పవలసినది కాదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమున బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులలో బట్టలు ఉదుకు మాచయ్య కలడు, పడవ నడపు చౌడయ్య కలడు, త్రాడు పేను నులియ చందయ్య కలడు, బుట్టలల్లు మేదర కేతయ్య కలడు. వారికి పూర్వుడైన జేడర దాసిమయ్య నేతగాడు. చేసిన పనియే వారి పేరులకు ముందు నిలిచి నేటికిని పలుకుచున్నది. అయితే కాయకము అను మాటలోనే కాయము, అనగా శరీరము, ఉన్నది. కాయకమును గూర్చి ఉపన్యసించువారు పని యొక్క పవిత్రతను ఎంతయో కొనియాడుదురు గాని, ఆ పని చేయు శరీరము సంగతి తఱచుగా మఱతురు. పని పవిత్రమైనంత మాత్రమున భుజము నొప్పియు పవిత్రమగునా? నొప్పి లేకుండ చేసినచో కాయకమునకు లోపము వచ్చునా? ఈ ప్రశ్నకు సమాధానము గ్రంథములలో కంటె ఒక నేతగాని ఇంటిలో స్పష్టముగా దొరకును.

నేటి వాణిజ్య విద్యాలయములలో మానవకేంద్ర రూపకల్పన అను మాట విరివిగా వినబడుచున్నది. భావము సులభమే. ఒక వస్తువును గాని, పనిముట్టును గాని, వ్యాపార పద్ధతిని గాని ఏర్పఱచుటకు ముందు దానిని వాడబోవు మనిషిని చూడవలెను. ఆ మనిషి ఒడ్డు పొడవు, ఇంటి వైశాల్యము, చేతిలోని డబ్బు, చిరకాలపు అలవాటు, వీనిని తెలిసికొని ఆ పిమ్మట గీత గీయవలెను. ముందు యంత్రమును చేసి, తరువాత మనిషిని దానికి తగినట్లు వంచుట దీనికి విరుద్ధమైన మార్గము. వ్యాపారమునకు సామాజిక బాధ్యత కలదని 2013 కంపెనీల చట్టము పెద్ద సంస్థలకు నిర్దేశించి, లాభములో రెండు శాతము సమాజహితమునకు వెచ్చింపవలెనని చెప్పినది. మంచిదే. కాని తొంబదియెనిమిది శాతమును సంపాదించిన తీరు ఎట్టిదని ఆ లెక్క అడుగదు. బాధ్యత దానములో కంటె ముందుగా పనిముట్టులో ఉండవలెను.

ఇందులకు తెలుగుదేశమున ఒక గొప్ప ఉదాహరణము కలదు. హైదరాబాదునకు పడమట బంట్వారం ఉన్నట్లే, తూర్పున ఆలేరు ఉన్నది. ఆలేరు మండలములోని శారాజిపేట నేతగాండ్ర గ్రామము. నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలోనిది. బసవపురాణమును తెనుగున రచించిన పాల్కురికి సోమనాథుని పేరుతో ముడివడిన పాలకుర్తికి అది ఎంతో దూరము కాదు. ఆ ప్రాంతమున పోచంపల్లి చీరలు నేయుదురు. ఈ చీరలకు నేతకు ముందే నూలును కట్టి రంగులలో ముంచుదురు. కట్టిన చోట రంగు అంటదు. విప్పి నేసినప్పుడు పువ్వు, ఏనుగు, చిలుక, అనుకొన్న స్థలమున తేలును. నూలు పోగు వెండ్రుకవాసి జరిగినను బొమ్మ చెదరును. కావున కట్టుటకు ముందు పేక నూలును కొలత ప్రకారము వరుసగా పేర్చవలెను. ఆ పనికి ఆసు పోయుట అని పేరు.

ఆసు పోయు విధము ఇట్టిది. ఒక కొయ్య చట్రమునకు ఒక ప్రక్క ఒక మేకు, ఎదుట అర్ధచంద్రాకారముగా వరుస మేకులు ఉండును. స్త్రీ దాని ముందు కూర్చుండి, దారమును చేతబట్టి, ఈ మేకునుండి ఆ మేకునకు, ఆ మేకునుండి ఈ మేకునకు, సుమారు మీటరు మేర చేయి చాపుచు ముడుచుచు చుట్టును. ఒక్క చీరకు ఈ కదలిక తొమ్మిది వేల మార్లు జరుగవలెను. రోజునకు రెండు చీరలైనచో పదునెనిమిది వేలు. మీటరు చొప్పున లెక్కించినను ఒక చీరకు చేయి తొమ్మిది కిలోమీటర్లు నడచినట్లగును. చీరకు నాలుగైదు గంటల కాలము పట్టును. దృష్టి కదలరాదు, లెక్క తప్పరాదు. ఏండ్ల తరబడి ఇట్లు చేసిన స్త్రీకి మోచేయి, భుజము పనికిరాకుండ పోవుట ఆ ఊళ్లలో వింత కాదు. ఇది ఆడువారి పనియని పేరు. చీర ధరలో దీనికి వేఱుగ లెక్క ఉన్నదో లేదో అడిగినవారు అరుదు.

ఆ గ్రామమున చింతకింది మల్లేశము తల్లి లక్ష్మి ఆసు పోసెడిది. కుమారుడు చిన్నతనముననే బడి మాని మగ్గము పట్టెను. తల్లి భుజము నొప్పిని నిత్యము చూచుచు, ఆమె చేయి చేయు పనిని యంత్రము చేత చేయింపవలెనని 1992 ప్రాంతమున పూనుకొనెను. ఇంజనీరింగు చదువు లేదు. నమూనా లేదు, ఏలయన అట్టి యంత్రము అంతకు ముందు ఎచటను లేదు. కొయ్యముక్కలతో ఒక్కొక్క అంగమును చేసి చూచుచు, చేతిలోని సొమ్మంతయు వెచ్చించుచు వచ్చెను. ఊరివారు పరిహసించిరి. పొట్టకూటికై హైదరాబాదు చేరి విద్యుత్తు పనులు చేసెను. దారమును మేకుచుట్టు త్రిప్పు చివరి కదలిక ఒక్కటి ఎంతకును కుదరలేదు. 1999లో బాలానగరములోని ఒక కర్మాగారమున పనికి పోయినప్పుడు, వేఱొక యంత్రము యొక్క కదలికను చూచి, తనకు కావలసినది అదియే అని గుర్తించెను. ఆ సంవత్సరమే యంత్రము పూర్తి అయ్యెను. దానికి తల్లి పేరు పెట్టెను: లక్ష్మీ ఆసు యంత్రము.

దాని వలన చీర ఆసు ఒకటిన్నర గంటలో ముగియును. రోజునకు ఆరు చీరల ఆసు పోయ వీలగును. పల్లె సృజన అను సంస్థ దీనిని వెలుగులోనికి తెచ్చినది. జాతీయ నవకల్పన సంస్థ గుర్తించినది. 2017లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ ఇచ్చినది. 2019లో ఆయన కథ చలనచిత్రముగా కూడ వచ్చినది. బిరుదుల మాట అటుంచి, యంత్రము యొక్క తీరును పరిశీలింపవలెను. పాఠము అందులోనే కలదు.

మొదటిది, ఆయన తీసివేసినది నొప్పిని మాత్రమే, నేర్పును కాదు. మేకుల వరుస అట్లే ఉన్నది. ఆసు తరువాత జరుగు కట్టుట, రంగులద్దుట, నేయుట మునుపటివలెనే మనిషి చేతిలో నిలిచినవి. పెద్ద మిల్లువాడు ఇదే సమస్యను చూచి ఉండినచో ఏమి చేసెడివాడు? ఆసును, కట్టును, మగ్గమును ఒక్కసారిగా తొలగించి, బొమ్మను బట్టపై అచ్చు గ్రుద్దెడివాడు. అట్లు చేసినవారును ఉన్నారు. పోచంపల్లి ఇక్కత్తునకు 2004-05లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. చేమగ్గమునకు కొన్ని వస్త్రములను ప్రత్యేకించు చట్టము 1985 నుండి ఉన్నది. అయినను అచ్చు గ్రుద్దిన అనుకరణ చౌకగా అంగడికి వచ్చుచునే యున్నది. రెండును యంత్రములే. ఒకటి చేతిని కాపాడినది, ఒకటి చేతిని వెలివేసినది. యంత్రము మేలా కీడా అని వాదించుకొనువారు ఈ భేదమును చూడక వ్యర్థముగా గొంతు చించుకొందురు.

రెండవది, యంత్రము ఇంటికి తగినది. అది ఇంటిలోనే ఉండును. ఇంటి విద్యుత్తుతోనే నడచును. స్త్రీ కర్మాగారమునకు తరలి పోనక్కఱ లేదు. తల్లి ముందు కూర్చుండి, ఆమె చేతిని చూచుచు చేసిన యంత్రమునకు ఈ గుణము సహజముగా అబ్బినది. కార్యాలయమున బల్లపై గీచిన యంత్రమునకు ఇది అంత సులభముగా రాదు.

ఈ ఆలోచన మన దేశమున మల్లేశముతో మొదలైనది కాదు. 1929లో గాంధీగారి ఆధ్వర్యమున అఖిల భారత చరఖా సంఘము మెఱుగైన రాట్నమునకు లక్ష రూపాయల బహుమతి ప్రకటించెను. ఆ ప్రకటనలోని నియమములు నేటికిని చదువదగినవి. రాట్నము తేలికగా ఉండవలెను. పల్లెటి గుడిసెలో చేతితోనో కాలితోనో నడువవలెను. ఒక స్త్రీ మిక్కిలి శ్రమ లేకుండ ఎనిమిది గంటలు వడుక గలుగవలెను. ధర నూటయేబది రూపాయలు మించరాదు. ఇరువది ఏండ్లు మన్నవలెను. ఎంత నూలు రావలెననియు ఉన్నది గాని, ఆమె అలసట కూడ కొలతలలో ఒకటిగా లెక్కకు వచ్చినది. బహుమతి ఎవరికిని దక్కలేదు. నియమములు మాత్రము, కోరిక సరిగా వ్రాయుట ఎట్లో నేర్పుచున్నవి.

1958లో చార్లెస్, రే ఈమ్స్ అను అమెరికా దంపతులు భారత ప్రభుత్వము కోరగా ఒక నివేదిక వ్రాసిరి. అహ్మదాబాదులోని జాతీయ రూపకల్పన సంస్థ 1961లో వెలయుటకు అదియే మూలము. దేశమంతయు తిరిగి వారు మిక్కిలి మెచ్చుకొన్న వస్తువు ఏది? ఏ మహలో విగ్రహమో కాదు, మన చెంబు! నీరు ఎంత పట్టవలెను, తలపై మోయుదురా చంకనెత్తుదురా, నిండినప్పుడును ఖాళీగా ఉన్నప్పుడును బరువు ఎటు ఒఱగును, లోపల చేయి పెట్టి తోమవచ్చునా, వెల ఎంత, పట్టుకొన్నప్పుడు చేతికి ఎట్లుండును అని ఎన్నో ప్రశ్నలకు ఆ చెంబు జవాబని వారు గ్రహించిరి. దానిని ఒక్కడు రూపొందించియుండడు. తరతరముల చేతులు అరగదీసి తీర్చినవి. మన ఇంటి మూలనున్న చెంబు గొప్పతనమును చెప్పుటకు సముద్రము దాటి రావలసి వచ్చినది!

మరల ఆసునకు వత్తము. చీరకు నాలుగైదు గంటలు ఒకటిన్నర గంట అయినవి. మిగిలిన మూడు గంటలు ఎవరివి? ఇది రూపకల్పన శాస్త్రము కంటె కఠినమైన ప్రశ్న. ఆ గంటలలో స్త్రీ విశ్రమించునేమో, పిల్లల చదువు చూచునేమో, ఇతరుల ఆసు పోసి కూలి సంపాదించునేమో. అట్లు సంపాదించుకొన్నవారు ఉన్నారు. కాని నూలు ఇచ్చి చీర తీసికొను వ్యాపారి, పని తేలికయైనది గదా అని మజూరి తగ్గించినచో ఆ గంటలు అతని పెట్టెలోనికి చేరును. యంత్రము దీనిని ఆపజాలదు. ఇచట దాసోహము మాట వచ్చును. కాయక ఫలము ఒక్కరి ఇంట పేరుకొనరాదని శరణుల నియమము. ఆయదక్కి మారయ్య నేలరాలిన బియ్యము ఏరుకొని వచ్చెడివాడు. ఒకనాడు అక్కఱకు మించి తెచ్చినప్పుడు భార్య లక్కమ్మ, ఎక్కువైన దానిని ఎచటనుండి తెచ్చితివో అచటనే వేసి రమ్మనెను. నేడు ఇంగ్లీషు గ్రంథములలో సుస్థిర వ్యాపారమని అధ్యాయములుగా వ్రాయుచున్నది లక్కమ్మ ఒడిగంట ముందే కొలిచి చూపినది. వ్యాపారి ఖాతాలో మిగిలిన గంటలకు ఒక పద్దు ఉండవలెను. ఆ పద్దులో చేయి ఎవరిదో వారి పేరు ఉండవలెను.

బంట్వారము చుట్టుపట్ల ఆసు లేదు. నల్లరేగడి ఉన్నది, కంది ఉన్నది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. పప్పు రుచికి, త్వరగా ఉడుకుటకు ఈ నేలయే కారణమని పేరు. అది సంతోషింపదగినదే. ఆ గుర్తింపు పత్రములో నేల ఉన్నది, గింజ ఉన్నది; వంగి కలుపు తీసిన నడుము లేదు. పదునాఱు లీటర్ల మందు పంపు నిండినప్పుడు సుమారు ఇరువది కిలోలు తూగును. దాని పట్టీలు ఎవరి భుజముల కొలతకు కుట్టబడినవి? కొడవలి పిడి ఎవరి పిడికిలికి సరిపోవును? తాండూరు బండల పాలిష్ పనిలోను ఇదే ప్రశ్న: రాతిని తడిపి కోసినచో ధూళి తగ్గునని అందఱెఱుగుదురు, నీటి గొట్టము యంత్రముతో పాటే అమర్చబడినదా, లేక పనివాడు నోటికి గుడ్డ కట్టుకొనుటయే ఏర్పాటా?

జవాబులు వెదకువారు లేకపోలేదు. మహిళా రైతుల కొఱకు భువనేశ్వరమున ఒక కేంద్ర పరిశోధన సంస్థ 1996 నుండి పనిచేయుచున్నది. మొక్కజొన్న కంకిని దూర్చి త్రిప్పినచో గింజలు రాలు చిన్న ఇనుప గొట్టము ఒకటి కలదు. అరచేతిలో ఇముడును, కరెంటు అడుగదు, వ్రేళ్లు ఒరసికొనిపోవు. ఇట్టివి ఊరి అంగడికి చేరుటయే ఆలస్యము. పనిముట్లు అమ్మువారు, రైతు సంఘములవారు సరకు తెప్పించుటకు ముందు చేయదగిన పని ఒకటి కలదు. క్రొత్త పంపునో గుంటకనో కంది చేనిలో కూలికి వచ్చిన స్త్రీకి ఒక పూట ఇచ్చి, గట్టున కూర్చుండి చూడవలెను: ఎన్ని మార్లు దించినది, ఏ భుజమునకు మార్చినది, పట్టీ క్రింద కొంగు మడిచి పెట్టుకొన్నదా. కొంగు మడిచినచో ఆ పట్టీని తయారుచేసినవానికి త్రిప్పి పంపవలెను.