నవజాత శిశువు కొఱకు ఇంట నుండవలసిన వస్తువులు

ఇంట శిశువు జన్మింపనున్నదని తెలిసినది మొదలు, ఏ యే వస్తువులు కొనవలెనను ఆలోచన తల్లిదండ్రులకు కలుగుట సహజము. ఢిల్లీ నగరమున యమునానదికి తూర్పున నున్న మయూర్ విహార్ వంటి పేటలలో నివసించు తెలుగు కుటుంబములకు ఈ ఆలోచన మరింత ఎక్కువ. ఉద్యోగ నిమిత్తము వచ్చి, ఢిల్లీ అభివృద్ధి సంస్థ కట్టించిన రెండు గదుల ఇంటనో, సహకార గృహ సంఘపు భవనమున నాలుగవ అంతస్తుననో కాపురముండు దంపతులకు ఇరుగుపొరుగు కలరు గాని, పురుడు పోయు పెద్దలు దగ్గర నుండరు. కొందరు గర్భిణులు కాన్పునకై పుట్టినింటికి పోవుదురు. పోలేనివారి యింటికి తల్లియే గుంటూరు నుండియో, రాజమహేంద్రవరము నుండియో వచ్చును. ఆమె సంచిలో పాత నూలు చీరలు, వెండి ఉగ్గుగిన్నె, ఆముదము, సున్నిపిండి ఉండును. అల్లుని చేతిలో అంగడివారు వ్రాసి యిచ్చిన పెద్ద పట్టిక యుండును. ఈ రెంటిలో దేనిని గైకొనవలెను, దేనిని విడువవలెను?

రెంటిలోను మేలైనవి కలవు. రెంటిలోను హానికరములు కలవు. మన దేశమున ఐదేండ్లు నిండకముందే మరణించు శిశువులలో సగమునకు మించినవారు పుట్టిన మొదటి నెలలోనే మరణించుచున్నారు. కావున ఆ నెలలో ఇంట నుండు ప్రతి వస్తువును ఒక ప్రశ్న వేసి పరీక్షింపవలెను. నవజాత శిశువునకు కావలసినవి నాలుగే: వెచ్చదనము, తల్లిపాలు, శుభ్రత, అపాయముల నుండి రక్షణ. ఈ నాలుగింటిలో దేనికిని ఉపకరింపని వస్తువు ఎంత అందమైనదైనను అవసరము లేదు. వానిలో దేనికైనను అడ్డు తగులు వస్తువు ఇంట నుండనే కూడదు.

వెచ్చదనము: బట్టలు

తల్లి గర్భములోని వెచ్చదనమునకు అలవాటుపడిన శిశువు, వెలుపలికి వచ్చిన క్షణము నుండి తన ఒంటి వేడిని కోల్పోవుచుండును. శరీరపు బరువుతో పోల్చిన శిశువు చర్మపు విస్తీర్ణము పెద్దవారి కంటె చాల ఎక్కువ. తల పెద్దది. చలికి వణకి వేడి పుట్టించుకొను శక్తి పెద్దవారికున్నట్లు శిశువునకు లేదు. ఢిల్లీలో డిసెంబరు, జనవరి మాసములందు ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు దిగువకు పడు రాత్రులు కలవు. కోస్తా జిల్లాల నుండి వచ్చిన అమ్మమ్మకు ఈ చలి కొత్త.

ఇందులకు కావలసినవి: మెత్తని పాత నూలు చీరలను చింపి చేసిన పొత్తిగుడ్డలు పది పండ్రెండు, నూలు చొక్కాలు నాలుగైదు, తలకు టోపీలు రెండు మూడు, కాళ్లకు మేజోళ్లు, శీతకాలమైనచో ఉన్ని చొక్కాలు రెండు, ఒక చిన్న కంబళి. ఉన్ని నేరుగా చర్మమునకు తగులకుండ లోపల నూలుబట్ట వేయవలెను. దళసరి బట్ట ఒకటి వేయుట కంటె పలుచని బట్టలు రెండు మూడు పొరలుగా వేయుట మేలు. కొత్తబట్టలనైనను ఒకమారు ఉతికి, ఎండలో ఆరవేసిన పిదపనే తొడుగవలెను.

ఇచ్చట ఒక హెచ్చరిక. ఉన్నిబట్టలను పురుగు కొట్టకుండ పెట్టెలలో నాఫ్తలీన్ ఉండలు వేసి దాచుట వాడుక. మనవారు వీనినే కలరా ఉండలందురు. కొందరు శిశువుల రక్తములో జి6పిడి అను పదార్థము పుట్టుకతోనే తక్కువగా నుండును. అట్టి శిశువునకు ఈ ఉండల వాసన పట్టిన బట్టలు కప్పినచో ఎఱ్ఱరక్తకణములు పగిలి తీవ్రమైన కామెర్లు కలుగవచ్చును. ఏ శిశువునకు ఈ లోపమున్నదో పైకి చూచి చెప్పలేము. కావున బంధువు లిచ్చిన బట్టలైనను, పెట్టె నుండి తీసిన కంబళియైనను ఆ వాసన గలది బిడ్డకు వాడరాదు. శిశువు బట్టల మధ్య ఆ ఉండలను ఉంచనే కూడదు.

వెచ్చదనము చాలినదో లేదో తెలిసికొనుటకు మంచి సాధనము తల్లి చేయియే. అరచేతి వెనుక భాగముతో శిశువు పొట్టను, పాదములను తాకి చూడవలెను. రెండును వెచ్చగా నున్నచో శిశువు సుఖముగా నున్నది. పొట్ట వెచ్చగాను పాదములు చల్లగాను ఉన్నచో చలి సోకుచున్నదని గ్రహింపవలెను. రెండును చల్లబడినచో అపాయము. వెంటనే శిశువును తల్లి రొమ్మునకు ఆనించి కప్పి వైద్యశాలకు తీసికొనిపోవలెను. ఇంట ఒక థర్మామీటరు ఉండుట మంచిది. చంకలో పెట్టి చూచినపుడు 36.5 నుండి 37.5 సెంటిగ్రేడు డిగ్రీల వరకు ఉన్నచో సరియైన వేడి.

తల్లి ఒంటికి మించిన కంబళి లేదు. శిశువు బరువు 2,500 గ్రాములకు తక్కువైనచో, టోపీ, మేజోళ్లు, లంగోటీ మాత్రము తొడిగి, తల్లి వక్షమునకు చర్మము తగులునట్లు నిలువుగా ఆనించి పైన బట్ట చుట్టవలెను. దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశపు రాజధాని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక 1978లో వైద్యులు ప్రారంభించిన ఈ పద్ధతి నేడు లోకమంతట వ్యాపించినది. దీనిని కంగారూ పద్ధతి యందురు. తల్లి అలసినపుడు తండ్రియు ఇట్లు ఎత్తుకొనవచ్చును. ఇందులకు ఖర్చు లేదు.

కుంపటి, పొగ

చలికి ఓర్వలేక గది తలుపులు, కిటికీలు బిగించి బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించుట ఉత్తర దేశమున కొన్ని యిండ్లలో కలదు. ఇది ప్రాణాంతకము. బొగ్గుల నుండి వెలువడు కార్బన్ మోనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ఇంటిల్లిపాది ప్రాణములు పోయిన సంఘటనలు శీతకాలములందు వినబడుచునే యున్నవి. విద్యుత్ హీటరు వాడినను మంచమునకు, బట్టలకు దూరముగా నుంచి, గాలి వచ్చుటకు కొంత సందు విడువవలెను. మనవారు స్నానానంతరము వేయు సాంబ్రాణి పొగ, దోమల చుట్టల పొగ, పొగాకు పొగ ఇవన్నియు శిశువు ఊపిరితిత్తులకు హానికరములే. ఢిల్లీ గాలి శీతకాలమున చాల చెడియుండును. ఇంటిలోపల మరికొంత పొగ చేర్చుట తగదు. దోమలకు దోమతెరయే మేలు. వర్షములు వెలిసిన పిమ్మట డెంగీ జ్వరము వ్యాపించు ఈ నగరమున దోమతెర తప్పనిసరి వస్తువు.

పాలు: కొనవలసిన దేమియు లేదు

శిశువునకు మొదటి గంటలోనే తల్లిపాలు పట్టవలెను. పసుపుపచ్చని ముఱ్ఱుపాలను పిండి పారబోయరాదు. రోగముల నుండి కాపాడు గుణము వానియందు మెండు. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు తప్ప తేనె, చక్కెరనీరు, గుట్టీ, ఆముదము, తుదకు మంచినీరును పట్టరాదు. మే, జూన్ మాసములలో ఢిల్లీ ఎండ 40 డిగ్రీలు దాటినపుడు సైతము శిశువునకు కావలసిన నీరు తల్లిపాలలోనే కలదు. దినమునకు ఎనిమిది నుండి పండ్రెండుమార్లు పాలు త్రాగుచు, మొదటి వారము గడచిన పిదప ఆరుమార్లకు తక్కువ కాకుండ మూత్రము పోయుచున్నచో పాలు చాలుచున్నవని తెలిసికొనవలెను.

అంగడి పట్టికలో మొదట కనబడు పాలసీసాను ఈ పట్టికలో మేము చేర్చలేదు. సీసా మూతి సందులలో నిలిచిన పాలయందు సూక్ష్మజీవులు పెరిగి విరేచనములు కలిగించును. సీసాకు అలవాటుపడిన శిశువు రొమ్ము పట్టుట మానవచ్చును. ఈ హేతువు చేతనే పాలపొడి, పాలసీసాల ప్రకటనలను మన పార్లమెంటు 1992 నాటి చట్టముచే నిషేధించినది. 2003లో ఆ చట్టమును మరింత గట్టిపరచినారు.

తల్లి ఉద్యోగమునకు పోవలసివచ్చినను, శిశువు రొమ్ము చీకలేక పోయినను, పిండిన తల్లిపాలు పట్టుటకు అమ్మమ్మ తెచ్చిన ఉగ్గుగిన్నెయే తగిన పాత్ర. దాని మూల మూలలు చేతితో తోమవచ్చును; నీటిలో మరిగింపవచ్చును. వెండిది కానక్కరలేదు, స్టీలుది చాలును. పిండిన పాలు గదిలో నాలుగు గంటలకు మించి ఉంచరాదు. రిఫ్రిజిరేటరులో ఒక దినము ఉంచవచ్చును. ఉగ్గుగిన్నెతో ఉగ్గు మాత్రము ఆరు నెలల వరకు పోయవద్దు.

శుభ్రత

పుట్టిన మొదటి 24 గంటలలో స్నానము చేయింపరాదు. బరువు తక్కువైన శిశువునకు వైద్యుడు చెప్పువరకు తడిబట్టతో తుడుచుటయే చాలును. ఆ పిమ్మట ఒక వెడల్పైన తొట్టి, చిన్న చెంబు, ఘాటులేని సబ్బు, రెండు మెత్తని తువాళ్లు ఉండిన చాలును. నీటి వేడిని మోచేతితో పరీక్షింపవలెను. నూనెతో మృదువుగా మర్దన చేయవచ్చును. కాని ముక్కులో, చెవులలో నూనె పోయరాదు. సున్నిపిండితో రుద్దినచో శిశువు చర్మము గీరుకొనిపోవును. పౌడరు ఎగిరి ఊపిరితో లోనికి పోవును. కొన్ని కాటుకలలో సీసము ఉండును. అది మెదడునకు విషము. బొడ్డుపై పసుపు, నూనె, బూడిద ఏదియు రాయక, ఆరుగా ఉంచవలెను.

అంగడి డయపర్లు ప్రయాణమునందును, రాత్రివేళను సౌకర్యముగా నుండును. ఇంట నూలు లంగోటీలు ఇరువది వరకు ఉన్నచో పని గడచును. ఏది వాడినను తడిసిన వెంటనే మార్చవలెను. శిశువు నెత్తుకొను ప్రతివారును సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. బారసాలకు వచ్చిన బంధువుల కొఱకు గుమ్మము దగ్గర సబ్బు, తువాలు ఉంచుట కూడ శిశువు వస్తువులలో ఒకటిగా ఎంచవలెను.

పడక, ప్రయాణము

శిశువు పడక చదునుగా, గట్టిగా ఉండవలెను. వెల్లకిల పరుండబెట్టవలెను. తల గుండ్రముగా రావలెనని ఆవాల దిండు పెట్టుట అనవసరము. దిండ్లు, బొమ్మలు, పెద్దవారి రజాయి శిశువు ముఖముపై పడి ఊపిరాడకుండ చేయగలవు. చీర ఉయ్యాలలో వేసినపుడు గడ్డము రొమ్మునకు ఆనుకొని ఊపిరికి అడ్డు రాకుండ పెద్దలొకరు దగ్గర నుండి చూడవలెను.

సొంత మోటారు కారు కలవారు వెనుక సీటున అమర్చు శిశువుల ఆసనమును కొనుట మంచి వ్యయము. దానిని శిశువు ముఖము కారు వెనుక వైపునకు ఉండునట్లు బిగింపవలెను. తల్లి ఒడిలో ముందు సీటున కూర్చుండబెట్టుట క్షేమము కాదు. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము పిల్లలకు రక్షణ పట్టీ గాని, తగిన ఆసనము గాని ఉండవలెనని నిర్బంధించుచున్నది. స్కూటరుపై నవజాత శిశువును తీసికొనిపోరాదు.

కొనకూడనిది ఒకటి కలదు. నడక బండి, అనగా చక్రముల వాకరు. ఇది నడక నేర్పదు. మెట్ల మీదుగా దొర్లి తలకు దెబ్బలు తగులుటకు కారణమగును. కెనడా దేశము 2004లో దీని విక్రయమును నిషేధించినది. నాలుగంతస్తుల మెట్లున్న యిండ్లలో దీనిని కానుకగా నిచ్చినను త్రిప్పి పంపుట మంచిది.

ప్రభుత్వము లిచ్చిన పెట్టెలు

ఫిన్లండు దేశము 1938 నుండి పేద తల్లులకును, 1949 నుండి తల్లులందరికిని శిశువు బట్టలు, పరుపు గల ఒక అట్టపెట్టె నిచ్చుచున్నది. ఆ పెట్టెయే శిశువునకు మొదటి పడకగా పనికివచ్చును. గర్భిణి సకాలమున వైద్యపరీక్షకు వచ్చినచోనే అది లభించును. తెలంగాణ రాష్ట్రమున 2017లో ప్రభుత్వ వైద్యశాలలలో ప్రసవించిన తల్లులకు సబ్బు, నూనె, బట్టలు, దోమతెర మొదలగు 16 వస్తువుల పెట్టెను ఇచ్చుట ప్రారంభించిరి. ఈ రెండు పథకముల వలన నేర్చుకొనదగిన దేమనగా, పెట్టెలోని వస్తువుల కంటె వైద్యశాలకు వచ్చుటయే గొప్ప లాభము.

కాగితములు, టెలిఫోను సంఖ్య

అన్నిటికంటె చౌకయైనవి, అన్నిటికంటె ముఖ్యమైనవి కాగితములు. తల్లీ బిడ్డల రక్షణ కార్డులో శిశువు బరువు, టీకాలు వ్రాయబడును. బి.సి.జి., పోలియో చుక్కలు, 24 గంటలలోపల కామెర్ల బి టీకా పుట్టినచోటనే వేయింపవలెను. జననమును 21 దినములలోపల నమోదు చేయింపవలెను. వైద్యశాలలో పుట్టిన శిశువును చూచుటకు ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములందు ఇంటికి రావలెను. ఆమెను లోనికి పిలిచి శిశువును చూపవలెను.

శిశువు పాలు త్రాగకున్నను, కదలక మెదలక యున్నను, మూర్ఛ వచ్చినను, నిమిషమునకు 60 లేక అంతకు మించి ఊపిరి తీసికొనుచున్నను, ఱొమ్ము లోనికి గుంజుకొనుచున్నను, అరచేతులు అరికాళ్లు పచ్చబడినను, ఒళ్లు కాలినను, చల్లబడినను, తెల్లవారువరకు వేచియుండరాదు. మయూర్ విహార్ వాసులకు ఖిచిడీపురములోని లాల్ బహదూర్ శాస్త్రి వైద్యశాలయు, గీతా కాలనీలోని చాచా నెహ్రూ బాల వైద్యశాలయు దగ్గర. ఢిల్లీలో అంబులెన్సుకు 102 సంఖ్యకు టెలిఫోను చేయవలెను. 2011లో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము క్రింద ప్రభుత్వ వైద్యశాలలలో రోగియైన శిశువునకు చికిత్స, మందులు, ప్రయాణము ఉచితము.

పట్టిక ముగిసినది. నూలు గుడ్డలు, టోపీలు, ఒక కంబళి, దోమతెర, స్నానపు తొట్టి, సబ్బు, థర్మామీటరు, ఉగ్గుగిన్నె, కార్డు: వీనిలో సగము ఇంటనే ఉండును. మిగిలిన ధనమును బాలింత భోజనమునకు, పప్పు, కూరలు, పాలు, గ్రుడ్లు, పండ్లకు వినియోగింపుడు. తల్లి ఆరోగ్యము చక్కగా నున్ననే శిశువునకు పాలును, పోషణయు చక్కగా సమకూరును.