సముద్రపు నాచుతో జపాను పద్ధతి పచ్చికూర

సముద్రతీరమునకు పోయినపుడు అలలతో కొట్టుకొనివచ్చిన నాచును పిల్లలు కాళ్ళతో చిమ్ముచుందురు. అది తినదగిన వస్తువని మనలో చాలమందికి తోచదు. అట్లని దానితో మనకు బొత్తిగా సంబంధము లేకపోలేదు. రామనాథపురము జిల్లాలో మండపము ప్రాంతపు మత్స్యకార స్త్రీలు నీట మునిగి ఏరితెచ్చు నాచునుండి అగరు తయారగును. చైనాగడ్డి యను పేర అంగళ్ళలో దొరకు ఆ తెల్లని పోగులను పాలలో కాచి, చల్లార్చి, ముక్కలుగా కోసి మన పిల్లలకు పెట్టుచునే యున్నాము.

జపానువారికి నాచు నిత్యాహారము. క్రీ.శ. 701 నాటి తైహో ధర్మస్మృతిలో పన్నుగా చెల్లింపదగిన వస్తువులలో సముద్రపు నాచులును చేరియున్నవి. వానిలో పచ్చికూరకు తగినది వకామే. అది సముద్రములో నున్నపుడు గోధుమవర్ణముగా నుండి, ఉడుకునీట ముంచినతోడనే ఆకుపచ్చనగును. వేడికి పైరంగు మారిపోగా లోని పత్రహరితము బయటపడుటయే దీనికి కారణము. వకామేతో చేయు పుల్లని వంటకమును సునోమోనో అందురు. ‘సు’ అనగా వెనిగర్. ‘మోనో’ అనగా వస్తువు. కర్ణాటకములోని మన యిండ్లవారు దీనిని కోసంబరికి దూరపు చుట్టమని తలచిన తప్పులేదు.

నలుగురికి ఎండు వకామే 8 గ్రాములు చాలును. ఈ కొలతను తేలికగా తీసికొనరాదు. నేను మొదటిసారి పిడికెడు నాచును చిన్న గిన్నెలో నానవేసి, వంటింటి పని చూచుకొని వచ్చునప్పటికి అది గిన్నె దాటి బల్లమీదికి ప్రాకియుండెను! ఎండినది నానునప్పటికి సుమారు పదిరెట్ల బరువగును. పిల్లలచేత ముందును తరువాతను తూయించినచో వారికి మంచి పాఠమగును. పొట్లములలో వచ్చునది ముందే ఉడుకునీట ముంచి ఆరబెట్టినది గనుక చల్లని నీట అయిదు నిమిషములు నాననిచ్చి, గట్టిగా పిండవలెను. ఎక్కువసేపు నానిన జిగటబారును.

రెండు లేత కీరాలను పలుచని బిళ్ళలుగా తరిగి, అరచెంచా ఉప్పు రాచి పది నిమిషము లుంచవలెను. మాగాయ ముక్కలు ఊట దిగునట్లే ఇవియు నీరు విడుచును. ఆ నీటిని పిండి పారబోయనిచో పులుపంతయు పలుచబడి కూర రుచి చెడును. పిదప మూడు పెద్దచెంచాల వెనిగర్‌లో ఒకటిన్నర పెద్దచెంచాల పంచదార కరగించి, ఒక చిన్నచెంచా సోయా సాసు చేర్చవలెను. జపానువారి బియ్యపు వెనిగర్ సౌమ్యమైనది. మన అంగళ్ళలోని తెల్ల వెనిగర్‌కు ఘాటెక్కువ. అందు సగము నీరు కలుపుట మేలు. నిమ్మరసమైనను పనికివచ్చును. అచ్చటి నువ్వులనూనె వేచిన నువ్వులనుండి తీసినదగుటచే కమ్మని వాసన గలది. మన గానుగనూనెకు ఆ వాసన రాదు గావున, ఒక పెద్దచెంచా నువ్వులు దోరగా వేచి, నలిపి చల్లిన ఆ లోటు తీరును. వడ్డించుటకు కొంచెము ముందుగా మాత్రమే అన్నియు కలుపవలెను.

శాకాహారులు ఒక సంగతి గమనింపవలెను. హోటళ్ళలో ఈ రసమునందు ఎండు బొనీటో చేప కాచిన నీరు కలుపుట కలదు. ఇంట చేసికొన్నచో ఆ శంక యుండదు.

తల్లిదండ్రులు ముఖ్యముగా తెలిసికొనవలసినది అయోడిన్ విషయము. పెద్దలకు దినమునకు 150 మైక్రోగ్రాములు, ఆరు మొదలు పండ్రెండేండ్ల పిల్లలకు 120 మైక్రోగ్రాములు చాలును. అయోడిన్ ఉప్పు వాడు యిండ్లలో ఆ యవసరము చాలవరకు తీరుచునే యున్నది. నాచులో అయోడిన్ అధికము; కొంబు అను నాచులో వకామేకంటె అనేకరెట్లు హెచ్చు. కావున దీనిని అప్పుడప్పుడు కొద్దిగా తినవలెనే గాని బలమని ప్రతిదినము పెట్టరాదు. థైరాయిడ్ జబ్బు గలవారును గర్భిణులును వైద్యుని అడుగక తినరాదు. హిజికి యను నల్లని నాచును కొననేవలదు. అందు పాషాణ మెక్కువగా నుండుటచే దానిని తినవలదని బ్రిటిషు ఆహార ప్రమాణాల సంస్థ 2004లో హెచ్చరించినది. పొట్లముపై పేరు స్పష్టముగా లేనిచో దానిని తిరిగి అంగడిలోనే ఉంచుడు. మన తీరమున పిల్లలు ఏరితెచ్చిన నాచును ఇందుకు వాడరాదు; మురుగునీరు కలిసినచోట పెరిగినదేదియో కంటికి తెలియదు.