విద్యాదానవ్రతులగు కన్యాస్త్రీలు

అన్నదానము ఒకపూట యాకలిని దీర్చును. విద్యాదానము బ్రతుకంతయు వెలుగు నిచ్చునని మన పెద్దలు చెప్పుదురు. ఈ రెండవ దానమునకై తమ సర్వస్వమును ధారవోసిన స్త్రీలు లోకమున ననేకులు గలరు. వారిలో కతోలిక సంఘమునకు జెందిన ముగ్గురి చరిత్రలను ఈ వ్యాసమున దెలుపబూనితిమి. ఒకరు ఆంగ్లేయ స్త్రీ, ఒకరు ఫ్రెంచి స్త్రీ, ఒకరు ఐరిషు స్త్రీ. ఒకరి నొకరు కన్నులార చూచి యెరుగరు. అయినను ముగ్గురి మార్గమునకును అడ్డు నిలిచినది యొక్కటియే. అదియేదన, మఠపు గోడ.

గోడ యెట్టిది?

మన దేశమున కొన్ని కుటుంబములయందు స్త్రీలకు ఘోషా యుండెడిదని చదువరు లెరుగుదురు. యూరపు ఖండమందలి కన్యాస్త్రీలకును అట్టి కట్టడి యొకటి యుండెడిది. వ్రతములు పూనిన స్త్రీ మఠపు గోడ దాటి వెలికి రాకూడదు. 1563వ సంవత్సరమున ట్రెంటు మహాసభ ఈ నియమమును దృఢపరచెను. 1566లో ఐదవ పయస్ పోపుగారు దానిని మరింత బిగించిరి.

ఈ నియమము దుష్టబుద్ధితో నేర్పడినది కాదు. ప్రార్థనకు ఏకాంతము గావలెను. అల్లరులు, యుద్ధములు గల ఆ కాలమున స్త్రీలకు రక్షణయు గావలెను. గోడ ఈ రెంటిని సమకూర్చెను. గోడలోపలికి రాగలిగిన బాలికలకు చదువును లభించెను. కాని దూరపు సందులలోను, అడవి పల్లెలలోను ఉన్న పేదబిడ్డ యొద్దకు ఉపాధ్యాయిని పోజాలదు. ఇటలీ దేశమున బ్రెషియా నగరమందు 1535లో ఏంజెలా మెరీచి యను పుణ్యస్త్రీ, తమ తమ యిండ్లయందే నివసించుచు దైవసేవ చేయు కన్యకల సంఘము నొకదానిని స్థాపించెను. అదియే అర్సులైను సంఘము. ఆమె గతించిన పిదప దాని శాఖలు పెక్కు మఠములై గోడలలోనికే చేరెను.

బిడ్డ గోడ యొద్దకు రాలేనప్పుడు గురువు బిడ్డ యొద్దకు పోవచ్చునా? ఈ ప్రశ్నయే ఈ ముగ్గురి జీవితములను నడిపించినది.

మేరీ వార్డు

మేరీ వార్డు 1585లో ఇంగ్లండు దేశమున యార్కుషైరునందు జన్మించెను. అప్పుడా దేశమున కతోలికులకు గడ్డుకాలము. ఆమె మాతామహి మతము విడువనందుకు పెక్కేండ్లు చెరయందు గడపెను. మేరీ 1606లో సముద్రము దాటి సెంట్ ఓమేరు పట్టణమునకు బోయి, మొదట గోడలోపలి కఠిన నియమములు గల మఠమందే చేరెను. కాని తన పిలుపు వేరని గ్రహించి, 1609లో కొందరు స్నేహితురాండ్రతో గలసి బాలికల విద్యకై యొక సంఘము నేర్పరచెను.

ఆమె కోరినది నూతన విషయము. తన సంఘపు స్త్రీలు గోడలోపల నుండక, అవసరమైన చోటికెల్ల పోయి బోధింపవలెను. ఈ స్త్రీల ఉత్సాహము ఎంతకాలము నిలుచును, ఎంతైనను ఆడువారే గదా యని పెద్ద లొకరు పలికినట్లు 1617లో ఆమెకు దెలిసెను. భక్తి యుత్సాహములు ఆడుదియని మగవాడని చూచి వచ్చునవి కావనియు, ముందుకాలమున స్త్రీలు గొప్ప కార్యములు సాధింతురనియు ఆమె తన వారికి బోధించెను. పోపుగారి యనుమతి గోరి 1621లో ఆల్ప్సు పర్వతములు దాటి రోమునకు నడచిపోయెను. రోము, నేపుల్సు, మ్యూనిచి, వియన్నా మొదలగు నగరములలో ఆమె పాఠశాలలు వెలసెను.

అనుమతి రాలేదు, నిషేధము వచ్చెను. 1631లో ఎనిమిదవ అర్బను పోపుగారి యుత్తరువుచే ఆమె సంఘము రద్దుచేయబడెను. ఆ సంవత్సరమే ఆమెను మతద్రోహిగా నెంచి మ్యూనిచి నగరమందలి యొక మఠములో నిర్బంధించిరి. అచట నుండి ఆమె చుట్టుకాగితములపై నిమ్మరసముతో రహస్యముగా లేఖలు వ్రాసి తన వారికి బంపెను. ఎండిన నిమ్మరసము కంటికి గానరాదు; సెగ జూపినచో అక్షరములు పైకి దేలును. ఆ లేఖలలో ఆమె ఎవరిని దూషింపలేదు. ధైర్యముగా నుండుడనియే వ్రాసెను.

కొన్ని వారములకు పోపుగారే ఆమెను విడిపించిరి. ఆమె సంఘమునకు ఎదురు తిరుగలేదు, తన నమ్మికను విడువనులేదు. 1645లో, స్వదేశమున అంతర్యుద్ధము జరుగుచుండగా, యార్కు నగర సమీపమున కన్నుమూసెను. అప్పటికి ఆమె పని యంతయు నిష్ఫలమైనట్లే కానవచ్చెను. కాని ఆమె యనుచరులు పాఠశాలలు మానలేదు. 1703లో వారి నియమావళి కనుమతి లభించెను. ఆమెను స్థాపకురాలుగా నంగీకరించినది 1909లో. అనగా మరణించిన 264 సంవత్సరములకు!

ఈ వృక్షపు కొమ్మయే ఐర్లండునందలి లొరెటో సంఘము. కలకత్తాలో పేదల తల్లియని పేరొందిన మదర్ తెరెసాగారు 1929లో మన దేశమునకు వచ్చినది ఈ సంఘపు సిస్టరుగానే. ఆమె మొదట బాలికల పాఠశాలలో ఉపాధ్యాయినిగా పనిచేసెను.

మార్గరీటు బూర్జ్వా

మార్గరీటు బూర్జ్వా 1620లో ఫ్రాన్సు దేశమున త్రువా పట్టణమందు బుట్టెను. ఆ పట్టణమున నొక మఠముండెను. అందలి కన్యాస్త్రీలు గోడ దాటరాదు గనుక, బయటి పేదబాలికలకు బోధించుటకై కొందరు కన్యకలను గుంపుగా జేర్చిరి. మార్గరీటు వారిలో నొకతె. ఆ గుంపునకు పెద్దయైన కన్యాస్త్రీ సోదరుడు మేజొన్నవ్ అనునతడు కెనడాలో మాంట్రియలు వలసకు అధికారి. అచటికి ఉపాధ్యాయిని గావలెనని యతడడుగగా, మఠములోని వారికి పోవు వీలు లేకపోయెను. మార్గరీటు పోయెదనని ముందుకు వచ్చి 1653లో ఓడ నెక్కెను.

అచట జేరి చూడగా బడి పెట్టుటకు పిల్లలే లేరు! చలికిని రోగమునకును తాళలేక శిశువులు బ్రతుకుట యరుదుగా నుండెను. ఆమె నిరాశపడి తిరిగి పోలేదు. రోగులకు సేవచేయుచు, వలసవారి కుటుంబములకు తోడ్పడుచు, పిల్లలు పెరుగువరకు ఐదేండ్లు వేచియుండెను. 1658 ఏప్రిలు 30వ తేదీన ఆమె మొదటి బడి తెరచెను. బడి యేదన, రాతితో గట్టిన పాత పశువులకొట్టము. కొట్టమును శుభ్రము చేయించి, చలి కాచుకొనుటకు పొగగొట్టము గట్టించెను. క్రింద పాఠములు, పైన అటుకపై నిదుర. అటుక యెక్కుటకు బయటనే మెట్లు.

ఆమె ఫ్రాన్సునకు బోయి 1659లో తోడి ఉపాధ్యాయినులను వెంటబెట్టుకొని వచ్చెను. వారు నదులమీద పడవలలోను, మంచుదారుల కాలినడకను పోయి పల్లెలలో బడులు నెలకొల్పిరి. ఆ దేశపు ఆదిమజాతుల బాలికలకును బోధించిరి. ఆ జాతులలోని గానెన్సగ్వాసు అను యువతి తానే సిస్టరై, తన వారి పిల్లలకు గురువై, 1695లో మరణించెను.

కష్టములును తక్కువ కాదు. 1683లో వారి మఠము తగులబడగా ఇద్దరు సిస్టరులు మరణించిరి. అందొకతె మార్గరీటు తోబుట్టువు కుమార్తె. పిమ్మట బిషప్పుగారు, ఈ సంఘమును గోడలోపలి అర్సులైను సంఘముతో గలుపవలెనని తలచిరి. మార్గరీటు వినయముతో నొక ప్రత్యుత్తరము చెప్పెను: యేసు తల్లియైన మరియమ్మ మఠమందు గూర్చుండలేదు, గర్భవతియైన బంధువురాలు ఎలీసబెతును చూచుటకు కొండదేశమునకు నడచి వెళ్లెను, మేమును ఆ నడచిన తల్లి కుమార్తెలమే. చాలకాలపు చర్చలకు పిమ్మట 1698లో వారి నియమావళి యంగీకరింపబడెను. రెండేండ్లకు, 1700 జనవరి 12న, ఆమె తనువు చాలించెను. 1982లో ఆమె పునీతురాలుగా బ్రకటింపబడెను.

నానో నేగిలు

నానో నేగిలు 1718లో ఐర్లండు దేశమున కార్కు ప్రాంతమందు సంపన్నుల యింట బుట్టెను. అచట కతోలికులకు విద్యయే నేరము. 1695నాటి చట్టము ప్రకారము కతోలికుడు బడి నడిపినచో 20 పౌనుల జుల్మానాయు, 3 నెలల చెరయు విధింపవచ్చును. పిల్లలను చదువునకై పరదేశములకు బంపుటయు నిషిద్ధము. ధనికులు చట్టము గన్నుగప్పి పంపుచుండిరి. నానోయు అట్లే పారిసులో చదువుకొనెను. పేదవారి కాదారియు లేదు.

పారిసులో నొకనాడు ఆమె రాత్రియంతయు విందులో గడపి తెల్లవారుజామున బండిలో ఇంటికి మరలుచుండ, పనికి బోవు పేదలు గుడితలుపు తెరచుటకై చలిలో వేచియుండుట కనబడెనని చెప్పుదురు. తరువాత స్వదేశమునకు వచ్చినప్పుడు, తాను దాచుకొన్న పట్టుబట్టను అక్కచెల్లెండ్రలో నొకతె పేదల కొరకు అమ్మివేసెనని విని హృదయము కరిగెను. పేదపిల్లల యజ్ఞానము చూచి భరింపలేక, ఫ్రాన్సులోని యొక మఠమునకు బోయెను. కాని ఐర్లండు సందులలోని పిల్లలు ఆమె మనస్సును విడువలేదు. ఆమె మరలి వచ్చెను.

1750 దాటిన కొన్నియేండ్లకు కార్కు నగరమున కోవ్ సందులో, పూరిగుడిసెలో, 30 మంది పిల్లలతో ఆమె బడి యారంభమయ్యెను. ఇంటివారికి ముప్పు వచ్చునను భయమున ఈ సంగతి వారికి దెలియనీయలేదు. ఒకనాడు పేదవాడొకడు ఇంటికి వచ్చి, తన బిడ్డను నేగిలమ్మగారి బడిలో జేర్పింపుడని ఆమె యన్నదమ్ములలో నొకరిని బ్రతిమాలెను. అప్పుడు గుట్టు బయలయ్యెను! కుటుంబము మొదట మండిపడి పిదప శాంతించి, తోడ్పడసాగెను. తొమ్మిది నెలలకు పిల్లలు 200 మంది యైరి. 1769నాటికి బడులు ఏడయ్యెను. ఐదు బాలికలకు, రెండు బాలురకు. పగలు బోధన ముగిసిన పిమ్మట రాత్రివేళ లాంతరు చేతబట్టి సందుగొందులు దిరిగి రోగులను, ముసలివారిని చూచుచుండెను. అందుచే నేటికిని ఆమెను లాంతరు చేబూనిన తల్లియని స్మరింతురు.

తన యనంతరమును బడులు నిలువవలెనని ఆమె స్వంతధనముతో మఠము గట్టించి 1771లో అర్సులైను కన్యాస్త్రీలను రప్పించెను. వారు సుగుణవతులే, కాని గోడ దాటి సందులలోని బడులకు పోలేరు. అందువలన 1775లో క్రిస్మసు ముందునాడు ముగ్గురు తోడి స్త్రీలతో వేరొక సంఘమును స్థాపించెను. అదియే పిమ్మట ప్రెజెంటేషను సంఘమని ప్రసిద్ధి కెక్కినది. 1777 క్రిస్మసునాడు 50 మంది భిక్షకులకు విందుచేసి తానే వడ్డించెను. 1784 ఏప్రిలు 26న ఆమె పరలోకమున కేగెను.

చిత్రమేమన, ఈ సంఘమునకు 1805లో పోపుగారి స్థిరానుమతి లభించినప్పుడు, ఆ సిస్టరులును గోడలోపల నుండవలెననియే నియమ మేర్పడెను. లాంతరుతో దిరిగిన తల్లి బిడ్డలు మరల ద్వారము మూసికొనిరి. అయినను వారు బోధన మానలేదు. తన సేవ యెచట నుపయోగపడునో భూమిపై నాచోటి కెల్ల పోవుటకు సిద్ధమని నానో 1769లో నొక లేఖలో దెలిపియుండెను. ఆమె కుమార్తెలు ఐర్లండునుండి బయలుదేరి 1842లో మన మద్రాసు నగరమునకు జేరి, బాలికలకు పాఠశాల నెలకొల్పిరి.

మన దేశమున

ఆ తరువాత తెలుగునాటను ఈ సేవ వ్యాపించెను. 1849లో ఫ్రాన్సు ప్రాంతమందలి అనెసీనుండి సెంట్ జోసపు సిస్టరులు యానామునకు వచ్చిరి. వారి పని పిదప విశాఖపట్టణమున వర్ధిల్లెను. 1871లో ఇటలీనుండి సెంట్ ఆన్సు సిస్టరులు సికిందరాబాదునకును, 1904లో హాలండునుండి జె.ఎం.జె. సిస్టరులు గుంటూరునకును వచ్చిరి. భాష తెలియదు, ఎండ కొత్త, ఆడపిల్లకు చదువేల యను ప్రశ్న ప్రతి వీథిలోను వినవచ్చెడిది. తుదకు 1900లో పదమూడవ లియో పోపుగారు, గోడ వెలుపల సేవచేయు ఇట్టి సంఘములను మఠజీవనముగా నంగీకరించిరి. మేరీ వార్డు అడిగిన ప్రశ్నకు పూర్తి జవాబు దొరకుటకు దాదాపు 300 సంవత్సరములు పట్టినది.

మనము నేర్వదగినది

బాలబాలికలారా! ఈ ముగ్గురిలో మేరీ వార్డు తన ఫలమును చూడక మరణించెను. మార్గరీటు పిల్లలు లేనిచోట పిల్లలకై వేచియుండెను. నానో చెరసాల భయము నెరిగియు పూరిగుడిసెలో దీపము వెలిగించెను. పెద్దలను గౌరవించుచునే తమ మనస్సాక్షి చెప్పిన మాట విడువక నిలుచుట యెట్లో ముగ్గురును చూపిరి.

తలిదండ్రులారా! నేడు బడి వాకిలి తెరచియున్నది. చట్టము తోడుగా నున్నది. అయినను వంటయింటి పనికో, తమ్ముని నాడించుటకో బిడ్డను బడి మాన్పించుచున్న యిల్లు మన వీథిలో నొకటియైన నుండవచ్చును. గోడలన్నియు రాతితో గట్టినవి కావు. అట్టి యింటి బిడ్డ యొద్దకు మనలో నొకరు నడచి పోయినచో, ఆ మహాస్త్రీల ఋణము కొంతయైన దీర్చినవార మగుదుము.